వెండి నాణేలు లోహం ధరకే దొరుకుతాయా?

అచ్చంగా ఆ ధరకే దొరకవు, కానీ బరువు ఎక్కువున్న, నగిషీ లేని 999 (అంటే 99.9 శాతం స్వచ్ఛమైన) వెండి బిళ్ల తీసుకుంటే దానికి బాగా దగ్గరగా కొనవచ్చు. ముద్ర కొట్టడానికి, ప్యాకింగ్‌కు అయ్యే ఖర్చు బరువుతో సమానంగా పెరగదు. అందుకే చిన్న బిళ్లలో గ్రాముకు పడే భారం ఎక్కువ. పైగా మొత్తం మీద 3 శాతం జీఎస్టీ.

లెక్క కోసం గ్రాము వెండి 100 రూపాయలు అనుకుందాం. 10 గ్రాముల బిళ్లకు మజూరీ (తయారీ ఖర్చు) 150 అయితే, జీఎస్టీతో 1,184.50 అవుతుంది. 100 గ్రాములదానికి మజూరీ 400 అయితే 10,712, అంటే గ్రాముకు దాదాపు 107 రూపాయలే.

లక్ష్మీదేవి బొమ్మ, 999 ముద్ర ఉంటే కొన్న ధర తిరిగొస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ హామీ ఏమీ లేదు. ముద్ర చెప్పేది స్వచ్ఛత మాత్రమే. అమ్మేటప్పుడు ఆనాటి వెండి ధరే లెక్క. మజూరీ, జీఎస్టీ లెక్కలోకి రావు. పూజకైతే సరే గానీ, పొదుపు కోసం బొమ్మకు అదనంగా ఇవ్వడం దండగ.