హద్దులు రాశారు, దారి రాయలేదు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ ఒకే జట్టు కదా. గెలిచాక జర్మనీని ఏం చెయ్యాలో ముందే మాట్లాడుకోలేదా మాస్టారూ? 1948లో బెర్లిన్‌కి దారులు మూసేసేదాకా ఎందుకొచ్చింది?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మాట్లాడుకోకేమమ్మా, ఏడాదిన్నర పైనే మాట్లాడుకున్నారు. యుద్ధం నడపడానికి అమెరికా, బ్రిటన్ సైన్యాధిపతులకు 1942 నుంచే వాషింగ్టన్‌లో ఉమ్మడి ఏర్పాటు ఉంది. రాజకీయం తేల్చుకోవడానికే ముగ్గురూ తరచూ కూర్చునే చోటు లేదు. 1943 అక్టోబరులో మాస్కోలో కలిసిన విదేశాంగ మంత్రులు హల్, ఈడెన్, మొలొటోవ్ ఆ లోటు చూసి, లండన్‌లో యూరోపియన్ అడ్వైజరీ కమిషన్ పెట్టారు. బ్రిటన్ తరఫున స్ట్రాంగ్, అమెరికా రాయబారి వినాంట్, సోవియట్ రాయబారి గూసెవ్ అందులో సభ్యులు.

1944 జనవరిలోనే స్ట్రాంగ్ జర్మనీని జోన్లుగా, అంటే ఒక్కో దేశ సైన్యం చేతిలో ఉండే భాగాలుగా, విడదీసే ప్రతిపాదన బల్ల మీద పెట్టాడు. ఫిబ్రవరిలో గూసెవ్ తమ జోన్ గీతకు సరేనన్నాడు. వినాంట్‌కి మాత్రం ఏం చెప్పాలో సొంత ప్రభుత్వం నుంచి కబురు రాదు! ఆక్రమణ అనేది సైన్యం పని, దౌత్యవేత్తలకు సంబంధం లేదని అక్కడి యుద్ధ శాఖ పట్టు. చివరికి వినాంట్ సలహాదారు జార్జ్ కెన్నన్ వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌నే కలవాల్సి వచ్చింది. నన్నడిగితే జబ్బు కమిషన్‌లో లేదు, దానికి జవాబివ్వని ఆఫీసుల్లో ఉంది.

1944 సెప్టెంబర్ 12న ఒప్పందం రాశారు. బెర్లిన్ సోవియట్ జోన్‌లో, పడమటి హద్దుకు సుమారు 175 కిలోమీటర్ల లోపల పడింది. నగరాన్నీ వాటాలు వేసుకున్నారు. అమెరికా, బ్రిటన్ వాళ్లు అక్కడికి ఏ దారిన వెళ్లాలో మాత్రం రాసుకోలేదు.

మా నాన్నగారు దస్తావేజులు రాసేవారు. పొలం పంపకం కాగితం చేతికిస్తే ముందు బండి దారి ఉందో లేదో చూసేవారు. అన్నదమ్ములు మంచిగా ఉన్నప్పుడే అది రాయించాలనేవారు.

1945 జూన్ 29న అమెరికన్ జనరల్ క్లే, సోవియట్ మార్షల్ జుకోవ్‌ని కలిసి రోడ్డు, రైలు సంగతి మాట్లాడాడు. అదీ నోటిమాటే. విమానాల విషయం వేరు. ఆ నవంబర్ 30న మూడు గాలి దారులు, ఒక్కోటి 20 మైళ్ల వెడల్పు, కాగితం మీదకెక్కాయి. 1948 జూన్‌లో స్టాలిన్ రోడ్లు, రైళ్లు, కాలువలు ఆపేశాడు. రాతలో ఉన్న ఆ మూడింటినీ మూయలేదు. 1949 మే దాకా బెర్లిన్‌కి బొగ్గూ పిండీ వాటిమీదే వెళ్లాయి.