సోషల్ సైన్స్ పీహెచ్‌డీకి ఎస్పీఎస్ఎస్ కొనక తప్పదా? మా డిపార్ట్‌మెంట్‌లో ల్యాబ్ కూడా లేదు

కొనొద్దు. ముందు ఆ మాట చెప్పేసి, ఎందుకో తర్వాత చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి మీ టాపిక్ శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లే మత్స్యకార కుటుంబాలు, మూడొందల ఇళ్ల సర్వే, పైన కొన్ని ఇంటర్వ్యూలు. డిపార్ట్‌మెంట్‌లో ఏ లైసెన్సూ లేదు, ల్యాబ్ గదికి ఎప్పుడూ తాళమే, ఫెలోషిప్ ఇంకా పడలేదు. నేను ఉద్దానంలో కిడ్నీ రోగుల ఇళ్లలో వైద్య ఖర్చుల మీద పీహెచ్‌డీ చేసి ఇప్పుడు విజయనగరంలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. మా డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో కూడా కంప్యూటర్లు ఉండేవి గానీ యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయి, కరెంటు పోతే పని మొత్తం పోయేది.

సర్వే అంకెల్ని విశ్లేషించే ఈ ఎస్పీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్ 1968 నుంచి ఉంది, 2009లో ఐబీఎం కొనేసింది, మన గైడ్లందరూ దాని మీదే నేర్చుకున్నారు. అందుకే అది లేకపోతే పీహెచ్‌డీయే లేదన్నట్టు మాట్లాడతారు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఫలానా సాఫ్ట్‌వేరే వాడాలన్న షరతేమీ లేదు. అదే పని చేసే జమోవి, జాస్ప్ రెండూ ఉచితం, రెండూ మెనూల మీద నొక్కుకుంటూ పోయే రకమే. క్రాస్ టాబ్, కై స్క్వేర్, టీ టెస్ట్, అనోవా, రిగ్రెషన్, ఫ్యాక్టర్ ఎనాలసిస్, క్రాన్‌బాక్ ఆల్ఫా, మన థీసిస్‌లలో కనబడేవన్నీ వాటిలో ఉన్నాయి. పాత డేటా ఎస్పీఎస్ఎస్ ఫైల్‌లో ఉన్నా తెరుచుకుంటుంది. నాకైతే జమోవి నచ్చింది, ఎందుకంటే దాని అడుగున పనిచేసేది ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష, సింటాక్స్ మోడ్ ఆన్ చేస్తే మనం నొక్కిన ప్రతి టెస్టుకూ ఆర్ కోడ్ చూపిస్తుంది. అలా చూస్తూ చూస్తూనే ఆర్ కొంత వంటబట్టింది. ఎస్ఈఎం (స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్, చాలా అంశాల మధ్య సంబంధాలను ఒకేసారి పరీక్షించే పద్ధతి) చేయమని గైడ్ గారు అంటే ఏమోస్ అనే ఇంకో ఖరీదైన దాని వెంట పడకండి, ఆర్‌లో లవాన్ అనే ప్యాకేజీ ఆ పని చేస్తుంది. గైడ్ గారికి అనుమానం ఉంటే ఒకే డేటా మీద ఎస్పీఎస్ఎస్ టేబుల్, జమోవి టేబుల్ పక్కపక్కన పెట్టి చూపించండి, వాదించే పని ఉండదు.

సీనియర్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే క్రాక్ వెర్షన్ మాత్రం ముట్టుకోవద్దు, దాంతో వచ్చే వైరస్‌కు మీ ఫీల్డ్ డేటా బలైపోతుంది. డబ్బులిస్తే ఎనాలసిస్ చేసి చాప్టర్ చేతిలో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. తీరా వైవాలో ఈ టెస్టే ఎందుకు వేశావమ్మా అని అడిగితే నోట మాట రాదు.

ఎనాలసిస్ తప్పితే మళ్లీ చేసుకోవచ్చు, ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా. ఫీల్డ్‌లో అడగని ప్రశ్న, వినపడని రికార్డింగ్ మాత్రం పోయినట్టే. అందుకే డబ్బూ టైమూ అక్కడే పెట్టమంటాను.

సర్వేకు కోబో టూల్‌బాక్స్ వాడండి, ప్రశ్నావళిని ఫోన్‌లోనే నింపుకునే సాధనం అది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నెట్ లేకున్నా పనిచేస్తుంది, సిగ్నల్ వచ్చాక పంపుకోవచ్చు, విద్యార్థి సర్వేకు ఉచిత ఖాతా చాలు. ఇంట్లో వలస వెళ్లినవాళ్లు లేరు అని నొక్కితే వలస ప్రశ్నలన్నీ దాటేసేలా పెట్టుకోవచ్చు, వయసు దగ్గర పొరపాటున 350 కొడితే ముందుకు పోనివ్వకుండానూ పెట్టుకోవచ్చు. ఇక్కడ మనవాళ్లందరికీ తగిలే చిక్కు ఒకటుంది. ప్రశ్నావళి డీటీపీ షాపులో యూనికోడ్ కాని అను ఫాంట్‌లో కొట్టిస్తారు, కాగితం మీద చక్కగా ఉంటుంది, అదే కోబోలో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే, ఫోన్ కీబోర్డుతోనైనా సరే, మీరే టైప్ చేసుకోండి. విండోస్‌లో ఆర్ వాడితే 2022లో వచ్చిన 4.2 గానీ ఆ తర్వాతిది గానీ వేసుకోండి, అంతకు ముందువాటిలో తెలుగు అక్షరాలు కోడ్ నంబర్లుగా మారిపోయేవి.

కోబోలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఫోటో ప్రశ్న. ఉద్దానంలోని కవిటి వైపు ఓ ఇంట్లో డయాలిసిస్‌కు ఎంతవుతోందమ్మా అంటే ఆవిడ లెక్క చెప్పలేక లోపలికెళ్లి పాలిథిన్ కవర్ తెచ్చి మంచం మీద గుమ్మరించింది. మందుల షాపు చీటీలు, ల్యాబ్ రసీదులు, విశాఖ వెళ్లొచ్చిన బస్సు టికెట్లు, కొన్నిటి మీద సిరా సగం చెరిగిపోయింది. ఆవిణ్ని అడిగి, పేరు కనబడకుండా మడిచి, ఒక్కొక్కటీ ఫోటో తీశాను, అవన్నీ ఆ ఇంటి ఫారంతోనే సేవ్ అయ్యాయి. బస్సు ఛార్జీల కాలమ్ నా ఫారంలో చేరింది ఆ ఇంటి తర్వాతే. మీకు కూడా అడ్వాన్సు చీటీలు, డబ్బు పంపిన రసీదులు ఇలాగే దొరుకుతాయి. జీపీఎస్ పాయింట్ తీసుకునేటప్పుడు కొబ్బరి తోట కింద కాకుండా ఆరుబయట నిలబడండి, అక్యురసీ ఐదు మీటర్లకు దిగేదాకా ఆగండి.

పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైల్‌లో, జవాబులు ఇంకో ఫైల్‌లో, రెంటికీ కోడ్ నంబరే లింకు. మీ టాపిక్‌కు ఇది మరీ ముఖ్యం. సముద్రంలో వేటకెళ్లి 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చినవాళ్లు మన రెండు జిల్లాల్లో ఉన్నారు, అలాంటి ఇంటి గురించి ఊరి పేరుతో రెండు ముక్కలు రాస్తే ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలకు ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. చిన్న డిజిటల్ రికార్డర్, వైరున్న కాలర్ మైక్, దానికి స్పాంజి తొడుగు కొనండి. తీరంలో గాలి హోరు, ఇంట్లో ఫ్యాను, పక్క గదిలో సీరియల్, మాట తర్వాత వెతుక్కోవాల్సిందే. వేవ్ ఫార్మాట్ స్టీరియోలో గంటకు 600 ఎంబీ దాటుతుంది, 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 60 లోపే, మనం వినేది మాటలే గనక ఎంపీ3 చాలు. ఇక ఆ గంట మాటలు కాగితం మీద పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. మాటను రాతగా మార్చే విస్పర్ లాంటి సాఫ్ట్‌వేర్లు తెలుగు రాసిపెడతాయి, చదువుకున్నవాళ్ల మాట వరకు పర్లేదు, మన పెద్దవాళ్లు మన యాసలో వలల గురించి, పడవల గురించి చెప్పింది మాత్రం ఏదేదో రాస్తుంది. ఓట్రాన్‌స్క్రైబ్ ఉచితం, కీబోర్డు మీద నుంచి చెయ్యి తీయకుండా ఆపుతూ వింటూ కొట్టుకోవచ్చు. ఇంటర్వ్యూల్లోని మాటలకు అంశాల వారీగా గుర్తులు పెట్టుకునే కోడింగ్‌కు ఎన్‌వివో సాఫ్ట్‌వేర్ బదులు టాగెట్ గానీ క్వాల్‌కోడర్ గానీ సరిపోతాయి.

ల్యాప్‌టాప్ గురించి ఎక్కువ ఆలోచించకండి. ఎస్ఎస్‌డీ ఉండాలి, ర్యామ్ 8 జీబీ అయినా నడుస్తుంది, క్యూజీఐఎస్ మ్యాపులూ జాతీయ నమూనా సర్వే (ఎన్ఎస్ఎస్) ఇళ్ల వారీ డేటా కూడా ముట్టుకుంటే 16 ఉంటే హాయి. గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు దండగ. పవర్ బ్యాంకు తప్పనిసరి, బ్యాకప్ రెండు చోట్ల పెట్టండి, అందులో ఒకటి ఫీల్డ్ ఊరికి దూరంగా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు.

సెకండరీ డేటాలో, అంటే ఇతరులు ముందే సేకరించిన లెక్కల్లో, ఓ గోతి ఉంది. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాకు కనబడే 27 లక్షలు పాత జిల్లాది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి, రాజాం, సంతకవిటి విజయనగరంలోకి వెళ్లిపోయాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) కూడా పాత జిల్లా లెక్కే. కొత్త జిల్లా అంకెలు కావాలంటే మండలాల వారీ టేబుల్ తీసి కూడుకోవాల్సిందే. మీ తీర మండలాలు మాత్రం శ్రీకాకుళంలోనే ఉన్నాయి కాబట్టి మీకు పని తక్కువ.

జర్నల్స్‌కు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం ఉంది, ప్రభుత్వ యూనివర్సిటీ అయితే లైబ్రేరియన్‌ను అడగండి. రిఫరెన్సులు సర్దుకోవడానికి జొటెరో సాఫ్ట్‌వేర్. పాత థీసిస్‌లకు శోధ్‌గంగ వెబ్‌సైట్.

ల్యాబ్ తాళం కోసం లెటర్లు రాస్తూ కూర్చుంటే సీజన్ పోతుంది. వేరావల్ వెళ్లిన మగవాళ్లు ఎక్కువమంది ఇంట్లో దొరికేది పడమటి తీరంలో వేట నిషేధం ఉండే జూన్, జూలైల్లోనే, ఆగస్టు వస్తే మళ్లీ రైలెక్కేస్తారు. కాబట్టి ఫారం, రికార్డర్, ఎథిక్స్ కమిటీ సంతకం, ఊళ్లో మీతో ఇల్లిల్లూ తిరిగే మనిషి, అన్నీ మే నెలాఖరుకల్లా సిద్ధం చేసుకోండి.