దిగిన రోజే ఊరంతా చూడాలా?

ప్రశ్న: వేసవి సెలవుల్లో మా కుటుంబం ఆరుగురం ఒక ట్రావెల్స్ వారి బృందంతో సింగపూర్ వెళ్లాలనుకుంటున్నాం. విమానం శంషాబాద్ నుంచి రాత్రి 11 గంటలకు. వారిచ్చిన కార్యక్రమంలో మొదటి రోజు ‘విమానాశ్రయం నుంచి నేరుగా సిటీ టూర్, ఆ తరువాత హోటల్’ అని ఉంది. మా మామగారు డెబ్బై దాటినవారు, ఇన్సులిన్ తీసుకుంటారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. ఆ రోజును తట్టుకోగలమా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ట్రావెల్స్ వారి కాగితం మీద మొదటి రోజు సింగపూర్‌లో ఉదయం మొదలవుతుంది గాని, మీ ఇంట్లో అది ముందురోజు మధ్యాహ్నమే మొదలైపోతుంది. విమానానికి మూడు గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలంటే గుంటూరులో రెండు గంటలకల్లా కారెక్కాలి. సుమారు నాలుగున్నర గంటలు ప్రయాణించి మన లెక్కన తెల్లవారుజామున మూడున్నరకు దిగుతారు. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కనుక అక్కడ అప్పటికి ఆరు. హోటళ్లలో గది సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గాని ఇవ్వరు. అంటే మీ మామగారు ఇల్లు వదిలింది మొదలు మంచం మీద నడుం వాల్చేవరకు దాదాపు ఇరవై రెండు గంటలు పడుతుంది. అందులో చివరి భాగం ఎండలో, బస్సు ఎక్కుతూ దిగుతూ గడుస్తుంది.

ఇందులో ట్రావెల్స్ వారి దురుద్దేశమేమీ లేదు. గది చేతికి రాని ఆ కొద్ది గంటలను బస్సులో గడిపించడం బృంద యాత్రల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. అయితే అది వారి వీలు కోసం ఏర్పడిన పద్ధతే తప్ప మీ అత్తమామల ఆరోగ్యాన్ని చూసి పెట్టింది కాదు. కాబట్టి అడ్వాన్సు కట్టకముందే, గది ఎన్ని గంటలకు ఇస్తారో, ఉదయమే కావాలంటే అదనంగా ఎంత అవుతుందో రాతపూర్వకంగా అడగండి. ముందు రాత్రికి కూడా కలిపి ఒక్క గది తీసుకున్నా, పెద్దవాళ్లిద్దరూ దిగీ దిగగానే వెళ్లి పడుకోగలుగుతారు. ఈ యాత్రలో మీరు పెట్టబోయే ఖర్చులన్నిటిలోకీ అదే సార్థకమైన ఖర్చని మా అభిప్రాయం.

‘ఇంత దూరం వచ్చి అందరం కలిసి చూడకపోతే ఎలా?’ అనే మాట ఇంట్లో తప్పక వస్తుంది. సిటీ టూర్‌లో ముఖ్యంగా చూపించేది నదీముఖం దగ్గర నోటి నుంచి నీళ్లు చిమ్మే మెర్లయన్ విగ్రహం. 8.6 మీటర్ల ఆ విగ్రహం ఉన్న పార్కుకు టికెట్ లేదు, వేళాపాళా లేదు. మీరు పిల్లలతో బస్సులో వెళ్లి ఉదయం చూసినా, పెద్దవాళ్లను మరో రోజు సాయంత్రం దీపాల వెలుగులో టాక్సీలో తీసుకువెళ్లవచ్చు. గుంటూరు ఎండలు చూసినవాళ్లకు సింగపూర్ ఎండ ఒక లెక్కా అనుకోకండి. భూమధ్యరేఖను ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో ఉక్కపోత ఏడాది పొడుగునా ఉంటుంది, నిద్రలేని ఒంటికి అది మరీ త్వరగా తెలుస్తుంది.

ఇన్సులిన్ విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. దానిని పెద్ద పెట్టెలో వేయకండి. విమానం కింది భాగంలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. మందుల పేర్లతో డాక్టరు రాసిన చీటీ జతచేసి చేతి సంచిలోనే ఉంచండి. రెండున్నర గంటల తేడాకు మోతాదు వేళలు మార్చాలో లేదో బయలుదేరేముందే ఆయననే అడగాలి. అసలు చిక్కు గడియారంతో కాదు, భోజనంతో వస్తుంది. విమానంలో భోజనం అర్ధరాత్రి ఎప్పుడో పెడతారు, కొన్ని టికెట్లలో అసలు పెట్టరు. భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్ అయితే పళ్లెం ఎదుటికి వచ్చేదాకా తీసుకోవద్దని మీ మామగారికి గట్టిగా చెప్పండి. బిస్కట్లు, గ్లూకోజు ఆయన చేతిలోనే ఉండాలి గాని బస్సు కింది అరలోకి వెళ్లిన పెట్టెలో కాదు. అత్తగారికి చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసేటప్పుడే చెప్పించండి. చాంగీ విమానాశ్రయంలో నడక ఎక్కువ.

సాయంత్రానికి ఓపిక ఉంటే సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు వెళ్లవచ్చు. మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కనుక ఉదయపు హడావిడిలో కంటే అప్పుడే దర్శనం నిదానంగా అవుతుంది. అదే వీధిలో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ వంటి శాకాహార హోటళ్లున్నాయి. ఇడ్లీ తిని తొమ్మిదికల్లా పడుకుంటే రెండో రోజు బస్సుకు అందరూ సిద్ధంగా ఉంటారు.

ప్రశ్న: మేమూ సింగపూర్ యాత్రకే వెళ్తున్నాం. ఆవకాయ, పొడులు పట్టుకెళ్లవచ్చా? దిగగానే ఇబ్బంది పెడతారా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆవకాయను బాగా మూతపెట్టి పెద్ద పెట్టెలో వేసుకోండి, చేతి సంచిలో ఉంటే మన దగ్గరే ఆపేస్తారు. మాంసపు పచ్చళ్లు వద్దు. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో గసగసాలు వేశారేమో ముందు కనుక్కోండి. సింగపూర్‌లో గసగసాలు మాదకద్రవ్యాల శాఖ నిషేధించిన వస్తువు. చూయింగ్ గమ్ 1992 నుంచి తీసుకురానివ్వరు, నమిలే పొగాకు కూడా నిషిద్ధమే. సిగరెట్లు ఒక్క పెట్టె ఉన్నా చెప్పి సుంకం కట్టాలి. నిద్ర కోసం వాడే అల్ప్రాజోలం వంటి మాత్రలకు ముందుగానే అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి తీసుకోవాలి. ఇవికాక, అక్కడ దిగకముందే, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అది ఉచితం. డబ్బు అడిగే సైట్ల జోలికి పోకండి. సంచిలోని ఏ వస్తువు మీదైనా అనుమానం ఉంటే కస్టమ్స్ దగ్గర ఎర్ర దారిలో వెళ్లి అధికారికి మీరే చూపించండి. చూపించినందుకు తప్పు పట్టరు. దాచి ఆకుపచ్చ దారిలో వెళ్తూ దొరికితే మాత్రం జరిమానా తప్పదు, బృందమంతా బస్సులో మీకోసం ఎదురుచూడాల్సి వస్తుంది.