అరువు కుక్కతో అజిలిటీ పోటీకి వెళ్తున్నారా? ముందు దాని మాటలు నేర్చుకోండి

మీరు మెల్‌బోర్న్‌లో ఉంటూ మూడేళ్లుగా మీ కెల్పీతో (ఆస్ట్రేలియా పశువుల కాపరి కుక్క జాతి) అజిలిటీ ఆడుతున్నారు, అంటే మనిషి పక్కన పరిగెత్తుతూ దారి చూపిస్తుంటే కుక్క వరసగా అడ్డంకులు దాటే ఆట. నెదర్లాండ్స్‌లో జరిగే పోటీకి జట్టులో చోటు దొరికేలా ఉంది. కుక్కను తీసుకెళ్లాలా, అక్కడే ఎవరిదైనా అడిగి తీసుకోవాలా అన్నది మీ ప్రశ్న. నేనూ మెల్‌బోర్న్‌లోనే ఉంటాను, ఆ దేశమే వెళ్లి అరువు కుక్కతో పరిగెత్తి వచ్చాను. నన్నడిగితే మీ కుక్కను ఇంట్లోనే ఉండనివ్వండి.

కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. రేబిస్ టీకా వేయించాలి, తర్వాత అది పనిచేసిందో లేదో చూసే యాంటీబాడీ రక్త పరీక్ష చేయించాలి. ఆ రక్తం ల్యాబ్‌కి చేరిన రోజు నుంచి 180 రోజులు దాటాకే కుక్కను మళ్లీ ఆస్ట్రేలియాలోకి రానిస్తారు. వచ్చాక మెల్‌బోర్న్ దగ్గరి మికిల్‌హామ్ క్వారంటైన్‌లో కనీసం 10 రోజులు, కుక్క గుర్తింపు ధ్రువీకరణ ముందే చేయించకపోతే 30 రోజులు. విమానంలో ఇరవై గంటల పైమాట. మా కెల్పీ ఉరుము వినబడితేనే మంచం కింద దూరుతుంది. నాలుగు రోజుల ఆట కోసం దాన్ని అంత బాధపెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఏ పోటీ అన్నది మాత్రం ముందే చూసుకోండి. కుక్కల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ నడిపే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి వంశ పత్రాలున్న కుక్కే కావాలి, వరల్డ్ అజిలిటీ ఓపెన్‌లో ఏ జాతిదైనా ఆడొచ్చు. కుక్క ఎవరి పేరున నమోదై ఉండాలో మీ టీమ్ మేనేజర్‌ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఎత్తు కూడా చూడాలి. ఎఫ్‌సీఐ లెక్కలో భుజం దగ్గర 48 సెం.మీ., ఆపైన ఉన్నవి లార్జ్, అవి 55–60 సెం.మీ. ఎత్తున్న కడ్డీలు దూకుతాయి. మీ కెల్పీకంటే పెద్ద అంగలు వేసే కుక్క దొరికితే, మీరు చేరాల్సిన చోటికి మీకంటే ముందే చేరిపోతుంది.

నాకు దొరికింది ఆరేళ్ల బోర్డర్ కోలీ. దాని పేరు యారా. పోటీకి తొమ్మిది రోజుల ముందే వెళ్లి వాళ్ల ఊళ్లోనే గది తీసుకున్నాను. మొదటి మూడు రోజులు అడ్డంకుల జోలికే పోలేదు. పొద్దున్నే కాలువ గట్టున నడక, సాయంత్రం నా చేత్తో తిండి, అంతే. అలా చేయమన్నది దాని యజమాని. ఆవిడ ఇచ్చిన సలహాల్లో అన్నిటికంటే మంచిది అదే.

అసలు చిక్కు మాటల దగ్గర వచ్చింది. మా కెల్పీకి నేను తెలుగులోనే నేర్పాను: ఆగు, పద, ఎడమ, కుడి. యారాకి వచ్చినవన్నీ డచ్ మాటలు. 'వాఖ్ట్' అంటే ఆగాలి, 'లింక్స్' అంటే ఎడమకి, 'రెఖ్ట్స్' అంటే కుడికి, 'ఫ్రెయ్' అంటే వదిలేశాను, ఇక వెళ్లొచ్చు అని. నాలుగు మాటలే కదా అనుకున్నాను.

మొదటి రన్‌లో డాగ్ వాక్ (ఎత్తుగా కట్టిన సన్నని పలక వంతెన) దిగేటప్పుడు దానికి నేర్పినట్టే ఆగింది. వెనక కాళ్లు పసుపు రంగు పట్టీ మీద, ముందు కాళ్లు నేల మీద. చెవులు నిక్కబొడుచుకుని నా నోటి వైపే చూస్తోంది. నేను 'పద' అన్నాను. కదల్లేదు. మళ్లీ గట్టిగా 'పద' అన్నాను. ముందు కాళ్ల గోళ్లు గడ్డిని తవ్వుతున్నాయి, ఒళ్లంతా సన్నగా వణుకుతోంది, అయినా వెనక పాదం జరపలేదు. నేను చెప్పాల్సిన మాట కోసం అది ఎదురుచూస్తోంది, నాకేమో ఆ మాట గుర్తుకు రావడం లేదు. 'ఫ్రెయ్' అని నోటికి వచ్చేసరికి రెండు మూడు సెకన్లు పోయాయి. తప్పేమీ పడలేదు కానీ టైమ్ పోయింది. పరాయి మనిషి పక్కన, అంత జనం ముందు తన పాఠం తప్పని ఆ కుక్కను తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

రెండో రన్‌లో తప్పు నా భుజానిది. నోటితో 'లింక్స్' అన్నాను, భుజం మాత్రం కుడి టన్నెల్ వైపు తిరిగి ఉంది. అది భుజాన్ని నమ్మి కుడి టన్నెల్‌లోకి దూరింది, డిస్‌క్వాలిఫై. పరుగులో మాట కంటే ముందు మన ఒళ్లు చెప్పేదే కుక్కకి అందుతుంది. అందుకే యజమాని ఆ కుక్కతో పరిగెత్తిన వీడియోలు తెప్పించుకుని, ఆవిడ పాదం ఎటు పెడుతోంది, ఎక్కడ మలుపు తిరుగుతోంది అన్నది చూసి ఇంటి దగ్గర కుక్క లేకుండానే సాధన చేయండి. మీ పద్ధతి దానికి నేర్పాలని చూడకండి, తొమ్మిది రోజులు అందుకు చాలవు.

ఇంకో సంగతి. రన్ జరిగేటప్పుడు యజమాని కుక్కకి కనబడని చోట ఉండాలి. మొదటి రోజు స్టార్ట్ లైన్‌లో యారా తల తిప్పి స్టాండ్ వైపే వెతికింది. మర్నాటి నుంచి ఆవిడ టెంట్ వెనక్కి వెళ్లి మొబైల్‌లో చూసేది. మూడో రన్ తప్పుల్లేకుండా పూర్తయింది.

గుంటూరులో మా అమ్మకి ఈ సంగతి చెప్పినప్పుడు 'అరువు సొమ్ము బరువు చేటు, జాగ్రత్త నాన్నా' అంది. కుక్కకి దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, బీమా ఉందా, కాలు కాస్త ఈడ్చినా ఆట మాన్పించే హక్కు ఎవరిది, ఇవన్నీ ముందే కాగితం మీద రాసుకోండి. ఆ చివరి హక్కు యజమానికే వదిలేయండి, జట్టు ఎంత ఒత్తిడి చేసినా సరే.

కుక్క ఖాయం కాగానే అది వినే మాటలన్నీ యజమాని గొంతుతోనే రికార్డు చేసి పంపమనండి. వంట చేస్తూ, కారు నడుపుతూ అవే అంటూ ఉండండి. ముఖ్యంగా వదిలే మాట.