బ్యాడ్జర్‌ని దోషిని చేసే ముందు

చి. మాధవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోనే బ్యాడ్జర్ గొడ్లకి టీబీ అంటిస్తుందని తేల్చేశావు, ఆ జంతువు ఎలా బతుకుతుందో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నాకు బాధేసింది.

మన పాఠకుల్లో చాలామంది దాన్ని చూసుండరు. ముందు దాని బతుకు చూపించు. ముఖం మీద నలుపు తెలుపు చారలు, పగలంతా బొరియలో నిద్ర, రాత్రయితే పచ్చికలో వానపాముల వేట. గుంపులుగా ఉంటాయి, గుంపుకో హద్దు. ఆ హద్దుల వెంట చిన్న గుంటలు తవ్వి వాటిలో మలం వదులుతాయి, ఇది మా చోటని పక్క గుంపుకి తెలియడానికి. పరిశోధకులు సరిగ్గా దీన్నే పట్టుకున్నారు. వేరుశనగ గింజలు, తియ్యటి పాకం, అందులో రంగు ప్లాస్టిక్ పలుకులు కలిపి, ఒక్కో బొరియ దగ్గర ఒక్కో రంగు పెడతారు. కొన్నాళ్లకి ఏ గుంటలో ఏ రంగు కనిపించిందో వెతుక్కుంటూ వెళ్లి గుంపుల హద్దుల మ్యాపు గీస్తారు. మలం గురించి రాయడానికి మొహమాటపడకు, అసలు కథంతా ఆ మ్యాపులోనే ఉంది.

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో 1971లో టీబీ సోకిన బ్యాడ్జర్ బయటపడింది. ఆ కౌంటీలోనే వుడ్‌చెస్టర్ పార్క్‌లో దశాబ్దాలుగా వాటిని బోనుల్లో పట్టి, మత్తిచ్చి, పచ్చబొట్టుతో నంబరు వేసి, నమూనాలు తీసుకుని, దొరికిన చోటే వదిలేస్తున్నారు. అంత ఓపిక వల్లే ఏ గుంపులో జబ్బు ఎన్నేళ్లు ఉంటోందో, ఎవరు ఏ గుంపులోకి మారారో తెలిసింది.

ఇక నువ్వు వదిలేసిన సంగతి. బ్యాడ్జర్లని చంపితే పశువుల టీబీ తగ్గుతుందా అని చూడటానికి ఇంగ్లండ్‌లో 1998లో మొదలైన పెద్ద ప్రయోగంలో దాదాపు 11 వేల బ్యాడ్జర్లని చంపారు. ఏటా చంపుతూ పోయిన ప్రాంతాల లోపల పశువుల టీబీ సుమారు 23 శాతం తగ్గింది, ఆ ప్రాంతాల చుట్టూ రెండు కిలోమీటర్ల మేర దాదాపు 25 శాతం పెరిగింది. గుంపులు చెదిరిపోయేసరికి మిగిలినవి పాత హద్దులు దాటి తిరిగాయి, జబ్బు కూడా వాటితోపాటే తిరిగిందని పరిశోధకుల వివరణ. ఈ రెండు అంకెలూ ఒకే వాక్యంలో రాయి. కొత్తలో నేను ఇలాంటి చోట, జాగా చాలదని ఒక అంకె కొట్టేశాను. చదివినవాళ్లు చంపితే సరిపోతుందనుకున్నారు, ఆ తప్పు ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

అలాగని రైతుని విలన్‌ని చెయ్యకు. అక్కడ టీబీ పరీక్షలో పాజిటివ్ వచ్చిన ఆవుని కబేళాకి పంపాల్సిందే. తన చేత్తో పెంచిన ఆవు వెళ్లిపోతుంటే ఆ మనిషికి ఎలా ఉంటుందో మన పల్లెల్లో పాడి ఉన్నవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆవు నుంచి ఆవుకీ ఈ జబ్బు పాకుతుందని కూడా రాయి, అది నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

టీకా సంగతి చివర్లో వస్తే బాగుంటుంది. మన పిల్లలకి పుట్టగానే వేసే బీసీజీనే, 2010లో బ్యాడ్జర్లకి వేయడానికి అక్కడ అనుమతి ఇచ్చారు. గుంపులో మూడోవంతుకి పైగా టీకా పడితే, టీకా పడని బ్యాడ్జర్ పిల్లలకి కూడా జబ్బు ముప్పు బాగా తగ్గిందని గ్లాస్టర్‌షైర్‌లోనే చూశారు.

రెండో ప్రతి ఎప్పుడు పంపిస్తావు? రంగు పలుకుల దగ్గర మొదలుపెట్టి రాసి చూడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు