మ్యాట్రిమోనీ సైటులో ఫోటో, ఫోన్ నంబరు దాచిపెడితే సరిపోతుందా?

మీ చెల్లెలి ప్రొఫైల్‌ను మ్యాట్రిమోనీ సైటులో పెట్టాలనుకుంటున్నారనీ, ఫోటో, ఫోన్ నంబరు దాచుకునే వీలుందని సైటువారు చెబుతున్నా మీ నాన్నగారికి నమ్మకం కుదరడం లేదనీ, మీ చెల్లెలేమో ఇంతకంటే డేటింగ్ యాప్ నయమంటోందనీ రాశారు. మా అక్క కూతురి సంబంధాల వ్యవహారం మొదటి నుంచి పెళ్ళి కుదిరేదాకా మేనమామగా నేనే చూసుకున్నాను. ఆ అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ కొంతకాలం డేటింగ్ యాప్ కూడా వాడింది, అందులో ఎదుటివారికి ఏమేం కనిపిస్తాయో మా అక్కకూ నాకూ దగ్గర కూర్చోబెట్టుకుని చూపించింది. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

దాచుకునే సెట్టింగులు పనిచేస్తాయి, అందులో సందేహం అక్కరలేదు. ఫోన్ నంబరును డబ్బు కట్టిన సభ్యులకు మాత్రమే చూపడం, మనం ఆసక్తిని అంగీకరించాకే ఫోటో కనబడేలా చేయడం, పేరుకు బదులు ఐడీ నంబరు మాత్రమే ఉంచడం వంటి సదుపాయాలు పెద్ద సైట్లలో ఏదో ఒక రూపంలో ఉంటాయి, వాటిని తప్పకుండా వాడుకోవాలి. డబ్బు కట్టిన సభ్యుడంటే మంచివాడని అర్థం కాదు, డబ్బు కట్టాడని మాత్రమే అర్థం. అది అలా ఉంచితే, అసలు ఇబ్బంది వేరేచోట ఉంది: మన ప్రొఫైళ్ళలో మనిషిని పట్టిచ్చేవి పేరూ ఫోన్ నంబరూ కావు, వాటి చుట్టూ మనం ఎంతో ముచ్చటగా నింపే మిగతా వివరాలు.

మాకు ఒక అబ్బాయి ప్రొఫైల్ వచ్చింది. ఫోటో లేదు, పేరు లేదు. భీమవరంలో బీటెక్, డాలస్‌లో ఎంఎస్, ఫలానా కంపెనీలో ఉద్యోగం, తండ్రి విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, అక్కకు పెళ్ళయి బెంగళూరులో ఉంటున్నారు అని మాత్రమే ఉంది. మా మేనకోడలు లింక్డ్‌ఇన్ తెరిచి కాలేజీ, కంపెనీ, చదువు పూర్తయిన సంవత్సరం కలిపి వెతికితే ఇద్దరు ముగ్గురే మిగిలారు, వాళ్ళలో భీమవరం చుట్టుపక్కలవాడు ఒక్కడే. అక్కడి నుంచి తీగ లాగితే డొంక కదిలినట్టు అతని ఫేస్‌బుక్, అందులో అక్కగారి పెళ్ళి ఫోటోలు, ఆ ఫోటోల కింద బంధువుల వ్యాఖ్యలు, తండ్రిగారి పదవీ విరమణ సన్మానం, చివరికి ఇల్లు ఉన్న వీధి వరకూ తెలిసిపోయాయి. మేము దురుద్దేశంతో వెతకలేదు, సంబంధం చూసుకునే ఏ ఇంటివారైనా ఆ మాత్రం ఆరా తీస్తారు. కానీ దురుద్దేశం ఉన్నవాడికీ దారి అదే. ఆ మరునాడే మేము మా అమ్మాయి ప్రొఫైల్‌నే పరాయివాళ్ళలా వెతికి చూసుకుని, కంపెనీ పేరు తీసేసి ‘హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం’ అనీ, ఊరి పేరు తీసేసి ‘కృష్ణా జిల్లా’ అనీ మార్చాము. మీరు కూడా ప్రొఫైల్ పెట్టగానే ఆ పని చేయండి, ఎంత బయటపడుతుందో మీకే తెలుస్తుంది.

ఇక పుట్టిన తేదీ సంగతి. మనవాళ్ళు బయోడేటాలో పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన సమయం, పుట్టిన ఊరు నిస్సంకోచంగా రాసేస్తారు, ఎందుకంటే జాతకం చూడాలి. అయితే డౌన్‌లోడ్ చేసుకునే ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ పుట్టిన సంవత్సరమూ. చాలా బ్యాంకులు పంపే స్టేట్‌మెంట్లకు కూడా పాస్‌వర్డ్ పేరు, పుట్టిన తేదీల నుంచే తయారవుతుంది. కస్టమర్ కేర్‌వారు మీరు మీరేనా అని తేల్చుకోవడానికి అడిగే మొదటి ప్రశ్నల్లో పుట్టిన తేదీ ఒకటి. అంటే పెళ్ళి బయోడేటా అనేది తాళాల గుత్తిలో సగం.

మా పురోహితుడిగారిని అడిగితే ఆయన చెప్పిన మాట మాకు చాలా ఉపయోగపడింది. వధూవరుల పొంతన చూసే 36 గుణాల లెక్కకు ఇద్దరి జన్మనక్షత్రం, పాదం తెలిస్తే చాలు, పుట్టిన తేదీ, సమయం అక్కరలేదు. కుజదోషం చూడాలంటే లగ్నం కావాలి కనుక పూర్తి జాతకచక్రం అవసరమవుతుంది, కానీ అది సంబంధం ఇష్టపడ్డాక చూసుకునే విషయం. చంద్రుడు దాదాపు 27 రోజులకొకసారి ప్రతి నక్షత్రాన్నీ దాటుతాడు కాబట్టి, నక్షత్రం, పాదం చెప్పినంత మాత్రాన అసలు తేదీ ఇదీ అని ఎవరూ తేల్చలేరు. మేము బయోడేటాలో వయసు, నక్షత్రం, పాదం, గోత్రం మాత్రమే ఉంచి, తేదీ, సమయం ఇరువైపుల పెద్దలు మాట్లాడుకున్న తరువాతే ఇచ్చాము. ఒక్కరు కూడా తప్పుపట్టలేదు. గోత్రం దాచడంలో అర్థం లేదు, సగోత్రమని చివర్లో తేలితే అందరికీ వృథా ప్రయాస. ఆస్తి వివరాల సంగతి మాత్రం నేను గట్టిగానే చెబుతాను: ఎన్ని ఎకరాలు, ఎక్కడ ప్లాటు, అద్దెలెంత వస్తాయి అనేవి ప్రొఫైల్‌లో రాయడం ఆడపిల్లకు కాదు, ఆస్తికి సంబంధం వెతుక్కోవడమే.

పైవన్నీ సైటు లోపలి మాటలు. మా అనుభవంలో అసలు గుట్టు రట్టయింది సైటులో కాదు, వాట్సాప్‌లో. సైటులో పెట్టినదానికి తొలగించే బటన్ ఉంటుంది, పీడీఎఫ్ బయోడేటాకు అది ఉండదు. ఒక పెద్దమ్మగారికి పంపితే ఆవిడ సంఘం గ్రూపులో వేస్తారు, అక్కడి నుంచి పేరయ్యగారు తీసుకుంటారు, ఆయన నాలుగు మ్యారేజ్ బ్యూరోలకు పంపుతారు. అందరూ మంచి చేస్తున్నామనే అనుకుంటారు. మాకు తెలియని ఒక బ్యూరో అలా చేతులు మారిన మా అమ్మాయి బయోడేటాను తీసుకుని, ఫోటోతో సహా వేరొక సైటులో కొత్త ప్రొఫైల్ తయారుచేసి, సంప్రదించవలసిన నంబరుగా తమ నంబరు ఇచ్చుకుంది. విజయవాడలోని మా బంధువు ఒకాయన స్క్రీన్‌షాట్ పంపి, ‘ఏమండీ, మీ అమ్మాయి జీతం ఇంత పెరిగిందా?’ అని అడిగేదాకా మాకు తెలియదు, ఎందుకంటే ఆ ప్రొఫైల్‌లో జీతం కూడా వాళ్ళకు తోచినంత పెంచారు. ఫోన్ చేస్తే బ్యూరోవారు, ‘మీ మంచికే కదండీ, పది సంబంధాలు ఎక్కువ వస్తాయి’ అన్నారు.

అప్పుడు మేము బ్యూరోతో వాదన పెట్టుకోకుండా ఆ సైటు గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, ఈమెయిల్ రాశాము. ప్రతి సైటూ ఆ అధికారి పేరు, సంప్రదించే చిరునామా ప్రకటించాలని 2021లో వచ్చిన ఐటీ (సమాచార సాంకేతికత) నియమాలు చెబుతున్నాయి, సాధారణంగా అవి పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఒకరి పేరుతో మరొకరు ప్రొఫైల్ నడుపుతున్నారని బాధితులే ఫిర్యాదు చేస్తే 24 గంటల్లోగా తొలగించే చర్య తీసుకోవాలని ఆ నియమాల్లోనే మొదట పెట్టారు, 2026లో ఆ గడువును ఇంకా తగ్గించారు. ఉత్తరం అమ్మాయి స్వయంగా తన ఈమెయిల్ నుంచి రాయడం, ప్రొఫైల్ ఐడీ, తేదీ కనబడే స్క్రీన్‌షాట్ జతచేయడం, ‘దయచేసి పరిశీలించండి’ అని కాక ‘నా అనుమతి లేకుండా నా పేరుతో, నా ఫోటోతో నడుస్తున్న ప్రొఫైల్ ఇది, తొలగించండి’ అని స్పష్టంగా రాయడం మాకు కలిసివచ్చాయి. ప్రొఫైల్ పోయింది. ఆ తరువాత పంపిన ప్రతి బయోడేటా అడుగున, దాన్ని ఎవరికి ఇస్తున్నామో వారి పేరు చిన్న అక్షరాల్లో వేయడం మొదలుపెట్టాము, ఫోటో మీద కూడా అలాగే. తమ పేరున్న కాగితాన్ని ఎవరూ గ్రూపులో పడేయరు. ఇది ఏ సెట్టింగు కంటే బాగా పనిచేసిందని నా అభిప్రాయం.

డేటింగ్ యాప్ నయమా అన్న మీ చెల్లెలి ప్రశ్న తీసిపారేయదగినది కాదు. మా మేనకోడలు చూపించినదాన్ని బట్టి అందులో ఇంటిపేరు, గోత్రం, తండ్రి ఉద్యోగం ఎవరూ అడగరు, ముందుపేరు, వయసు, కొన్ని ఫోటోలు, నాలుగు ముక్కల పరిచయం చాలు. కానీ మ్యాట్రిమోనీ సైటు సాధారణంగా అడగనిది అది అడుగుతుంది: మనిషి ఈ క్షణంలో ఎక్కడున్నాడనేది. మ్యాట్రిమోనీ సైటు కుటుంబాన్ని బయటపెడితే, డేటింగ్ యాప్ మనిషినీ అతని తిరుగుళ్ళనూ బయటపెడుతుంది. యాప్ మనకు ‘మూడు కిలోమీటర్ల దూరంలో’ అని మాత్రమే చూపినా, టిండర్ అనే డేటింగ్ యాప్ తెర వెనక ఫోనుకు పంపే దూరం ఎంతో కచ్చితంగా ఉండేదనీ, మూడు దొంగ ఖాతాలను మూడు చోట్ల నిలిపి ఎదుటివారి స్థానాన్ని లెక్కగట్టవచ్చనీ భద్రతా నిపుణులు 2014లో బయటపెట్టారు. ఆ లోపాన్ని తరువాత సరిదిద్దారు. 2016లో డెన్మార్క్ పరిశోధకులు కొందరు ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైటు నుంచి దాదాపు 70,000 మంది వాడుకరి పేర్లు, వయసు, ఊరు, అంతరంగిక ప్రశ్నలకు వారిచ్చిన జవాబులు సేకరించి అందరికీ అందుబాటులో పెట్టేశారు, అడిగితే ‘అవన్నీ ముందే బహిరంగంగా ఉన్నవే’ అన్నారు. స్వలింగ సంపర్కులు ఎక్కువగా వాడే గ్రైండర్ యాప్, సరైన అనుమతి లేకుండా వాడుకరుల సమాచారాన్ని ప్రకటనల సంస్థలకు ఇచ్చిందని నార్వే ప్రభుత్వ సంస్థ 2021లో 6.5 కోట్ల క్రోనర్ల జరిమానా వేసింది. ఆ యాప్‌లో ఉన్నాడని తెలియడమే ఒక మనిషి రహస్యం బయటపడటంతో సమానం కదా.

మీ చెల్లెలు యాప్ వాడదలచుకుంటే ఆమె ఇష్టం, ఆమె పెద్దది. అయితే లొకేషన్ అనుమతిని యాప్ తెరిచి ఉన్నప్పటికే పరిమితం చేయాలి, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను దానికి కలపకూడదు. లింక్డ్‌ఇన్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఉన్న ఫోటోనే ఇక్కడా పెట్టకూడదు, ఎందుకంటే ఫోటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో ఆ ఒక్క ఫోటో వేస్తే రెండు ఖాతాలూ ఒకరివేనని తెలిసిపోవచ్చు. మా అమ్మాయి ఫోటోల్లో ఒకదాంట్లో మెడలో ఆఫీసు ఐడీ కార్డు, ఇంకోదాంట్లో బాల్కనీ వెనక అపార్ట్‌మెంటు పేరు కనిపించేవి, మా అక్క పట్టుకుంది. మ్యాట్రిమోనీ ఫోటోలకు కూడా ఇవన్నీ వర్తిస్తాయి. మరొక చిన్న సంగతి, వాట్సాప్‌లో ఫోటోను మామూలుగా పంపితే అది తీసిన స్థలం వివరాలు రాలిపోతాయి, కానీ ‘డాక్యుమెంట్’గా పంపితే అలాగే వెళతాయి. స్టూడియోవారు నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంట్‌గానే పంపమంటారు.

గుర్తింపు ధ్రువీకరణకు ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే చాలు, అది ఆధార్ సంస్థ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. అవతలి వ్యక్తి లండన్ డాక్టరుననో, అమెరికా ఇంజినీరుననో చెప్పి, బహుమతి పార్సిల్ పంపానంటూ, అది కస్టమ్స్‌లో చిక్కుకుందని డబ్బు కట్టమంటే అది మోసమే, ఆలోచించవలసిన పని లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

చట్టం విషయానికి వస్తే, గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో తీర్పు చెప్పింది, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మన సమాచారాన్ని సరిచేయమనీ తుడిచేయమనీ అడిగే హక్కు అందులో ఉంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి కానీ, సంస్థల ముఖ్యమైన బాధ్యతలు అమలుకు రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. కాబట్టి ఇప్పటికి చట్టం మీద భారం వేసి కూర్చోవడం కంటే తక్కువ వివరాలు ఇవ్వడమే మేలు.

చివరిగా, పని అయిపోయాక ఏం చేయాలన్నది మీరు అడగలేదు గానీ చెప్పాలి. సంబంధం కుదరగానే చాలామంది ప్రొఫైల్‌ను దాచి ఊరుకుంటారు. దాచడం వేరు, తొలగించడం వేరు, తొలగించామని సైటు చెప్పడం కూడా వేరే. ఆష్లీ మాడిసన్ అనే డేటింగ్ సైటు పూర్తిగా తుడిచేస్తామని 19 డాలర్లు వసూలు చేసేది, 2015లో దాన్ని హ్యాక్ చేసినప్పుడు డబ్బు కట్టి తొలగించుకున్నవారి వివరాలు కూడా బయటపడ్డాయి. అందుకని మేము ముందుగా ఫోటోలు ఒక్కొక్కటీ తీసేసి, కుటుంబ వివరాలు చెరిపేసి, ఆ తరువాతే ఖాతా తొలగించాము. తొలగించేటప్పుడు కారణం అడుగుతారు, ‘పెళ్ళి కుదిరింది’ అని నొక్కితే విజయగాథ పేజీ కోసం జంట పేర్లు, పెళ్ళి ఫోటో పంపమంటారు, కానుక కూడా ఇస్తామంటారు. ప్రొఫైల్ సాధారణంగా సభ్యులకు మాత్రమే కనిపిస్తుంది గానీ, ఆ పేజీ గూగుల్‌లో వెతికిన ప్రతివారికీ కనిపిస్తుంది. మా మేనకోడలు, కాబోయే అల్లుడూ కలిసి వద్దనుకున్నారు, మీవాళ్ళను కూడా అడిగాకే పంపండి.