కరెంటు మీటరుకీ పింఛనుకీ లంకె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అత్తగారికి 63 ఏళ్లు. ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛనుకి అర్హత ఉందో లేదో సచివాలయంలో చూపించుకున్నాం. నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం ఉంది, కుదరదన్నారు. మా వాటాలో రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ తప్ప ఏమీ లేవు. మూడు వాటాల ఇల్లు, రెండింట్లో అద్దెకున్నారు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: ముందు ఆ వాడకం ఏ సర్వీసు నంబరు మీద, మీ కుటుంబంలో ఎవరి ఆధార్‌ మీద కనిపిస్తోందో అడిగి తెలుసుకోండి. 'కరెంటు ఎక్కువ' అన్న నోటిమాటతో వెనక్కి రావద్దు. గ్రామంలోనైతే వెల్ఫేర్ అసిస్టెంట్, పట్టణంలోనైతే వార్డు వెల్ఫేర్ సెక్రటరీ ఈ వివరం చూసి చెప్పగలరు. ఆ నంబరు చేతిలో పడ్డాక మీ కరెంటు బిల్లు మీదున్న నంబరుతో పోల్చి చూడండి. అక్కడి నుంచి దారి మూడు రకాలుగా చీలుతుంది.

నంబరు మీదే అయితే, మూడు వాటాలకీ ఒకే మీటరు ఉండటమే అసలు కారణం. అద్దెకున్నవాళ్లు కాల్చిన యూనిట్లు కూడా మీ అత్తగారి లెక్కలో పడుతున్నాయి. వాటాకో సర్వీసు తీసుకోవడం తప్ప దీనికి వేరే మార్గం లేదు. డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కార్యాలయంలో కొత్త గృహ సర్వీసుకి దరఖాస్తు పెట్టండి. అయితే మీటరు మారిన మర్నాడే అర్హత రాదు. గడిచిన నెలల సగటు చూస్తారు కాబట్టి పాత వాడకం లెక్కలోంచి జారిపోయేదాకా ఆగాలి. అందుకే ఈ పని వాయిదా వెయ్యకండి.

నంబరు ఎప్పుడో అమ్మేసిన ఇంటిదైతే, కొన్నవాళ్లు సర్వీసు పేరు మార్పించుకోలేదన్నమాట. అమ్మకం దస్తావేజు నకలు, తాజా బిల్లు జత చేసి పేరు మార్పుకీ, దానికి కలిసిన ఆధార్‌ తొలగింపుకీ విద్యుత్ కార్యాలయంలో అర్జీ ఇవ్వండి.

మీకు ఏ సంబంధమూ లేని నంబరైతే, ఆధార్ సీడింగ్‌లో, అంటే సర్వీసుకి ఆధార్ కలపడంలో, పొరపాటు జరిగింది. దీన్ని సచివాలయం సరిచెయ్యలేదు. తప్పు విద్యుత్ శాఖ రికార్డులో ఉంది, అక్కడే దిద్దాలి. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. తొలగించాక ఆ కాగితం పట్టుకుని సచివాలయానికి వెళ్లి మళ్లీ చూడమనండి.

మిగతా నిబంధనలకీ ఇదే పద్ధతి. కుటుంబ ఆదాయం నెలకు గ్రామాల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయల లోపు ఉండాలి. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాలు దాటకూడదు. తేడా ఉంటే తహసీల్దారు కార్యాలయంలో భూమి రికార్డులైన 1-బి, అడంగల్ సరిచేయించుకోవాలి. అన్నదమ్ములు పంచుకున్న భూమి మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కాక ఒక్కరి పేరునే ఉండిపోవడం తరచూ కనిపించే చిక్కు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకి మినహాయింపు ఉంది. కారు అమ్మేసినా ఆర్‌సీ మీ పేరునే ఉంటే అనర్హత పడుతుంది, రవాణా కార్యాలయంలో 29, 30 ఫారాలతో బదిలీ పూర్తిచేయించాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. పారిశుధ్య కార్మికుల కుటుంబాలకి మాత్రం సడలింపు ఉంది. పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు దాటకూడదు.

ఉద్యోగి అయిన కొడుకు పెళ్లయి వేరే ఊళ్లో కాపురం ఉంటున్నా, సచివాలయం హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (కుటుంబ సభ్యుల నమోదులో) తల్లిదండ్రులతో కలిసే ఉంటే వాళ్ల పింఛను ఆగుతుంది. ఆ విభజనకి అర్జీ విడిగా పెట్టాలి.

ఒక్కమాట. కొత్త పింఛను దరఖాస్తులు సచివాలయ లాగిన్‌లో ఆప్షన్ తెరిచినప్పుడే తీసుకుంటారు. తెరిచేనాటికి రికార్డు శుభ్రంగా ఉండాలి. అది తెరిచాక మీటరు సంగతి మొదలుపెడితే ఆ విడత చేజారుతుంది. ఉమ్మడి మీటరున్న పేద ఇళ్లకి ఈ 300 యూనిట్ల నిబంధన అన్యాయం చేస్తోందన్నది మా గట్టి అభిప్రాయం. వాటాల ఇళ్లలో సర్వీసు లెక్కన కాక కుటుంబం లెక్కన చూడటం సబబు.

ప్రశ్న: మా నాన్నగారు ప్రతి వేసవికీ హైదరాబాద్‌లో మా దగ్గర రెండు నెలలుంటారు. పింఛను పోతుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉంటున్నవారు

జవాబు: పోదు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మూడు నెలలదీ కలిపి ఇస్తారు. అంటే 4,000 చొప్పున 12,000 రూపాయలు. మూడో నెల కూడా తప్పితే శాశ్వతంగా వలస వెళ్లినట్టు భావించి ఆపేస్తారు. కాబట్టి మూడో నెల 1వ తేదీకి ఆయన ఊళ్లో ఉండేలా చూసుకోండి. 1వ తేదీ సెలవైతే ముందు రోజే పంచుతుంటారు, టికెట్టు కొనేముందు సచివాలయం వారిని అడగండి. రాష్ట్రంలోనే వేరే ఊరికి మారేట్టయితే అసలు ఈ తిప్పలే వద్దు, పింఛనుని అక్కడి సచివాలయానికి బదిలీ చేయమని అర్జీ ఇవ్వండి. వెళ్లే ఊరి మండలం, సచివాలయం పేరు కావాలి.

ప్రశ్న: వృద్ధాప్య పింఛను తీసుకుంటున్న మా మావయ్య గారు పోయి రెండు నెలలైంది. అత్తయ్యకి 52 ఏళ్లు. మరణ ధ్రువపత్రం ఇంకా తీసుకోలేదు. ఆవిడకి పింఛను వస్తుందా?
– ఒక పాఠకురాలు, పాలకొండ

జవాబు: ఆలస్యం చెయ్యకండి, మీ అత్తయ్యగారికి వయసుతో పని లేకుండా స్పౌజ్ కేటగిరీలో అదే 4,000 రూపాయల పింఛను వస్తుంది. పింఛను తీసుకుంటున్న భర్త పోతే భార్యకు వెంటనే మంజూరు చేసే ఈ పద్ధతి 2024 నవంబరు నుంచి నడుస్తోంది. కొత్త దరఖాస్తులు తెరిచేదాకా ఆగనక్కర్లేదు. ప్రభుత్వం చేసిన మంచి మార్పుల్లో ఇదొకటి. ఆవిడకు ఇప్పటికే వేరే పింఛను ఉంటే మాత్రం వర్తించదు.

అడ్డు పడేది మరణ ధ్రువపత్రమే. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఏ రుసుమూ లేదు. 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుముతో సరిపోతుంది. మీరు ఆ గడువూ దాటారు గనక నిర్ణీత అధికారి లిఖితపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు దాకా వెళ్లాల్సి వస్తుంది, అప్పుడు తిరగాల్సిన తిరుగుడు వేరు. పత్రంలో ఆయన పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఒకచోట, పూర్తిగా మరోచోట ఉంటే తర్వాత పేచీ వస్తుంది.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. కాలు దెబ్బతిని దివ్యాంగ పింఛను 6,000 తీసుకుంటున్నాను. మళ్లీ పరీక్ష చేసి వైకల్యం 38 శాతమే అన్నారు. మొత్తం పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, కదిరి

జవాబు: మొత్తం పోదు. దివ్యాంగ పింఛనుకి సదరం (వైకల్య నిర్ధారణ) ధ్రువపత్రంలో కనీసం 40 శాతం ఉండాలి. మీకు 60 దాటాయి కాబట్టి వృద్ధాప్య పింఛనుకి మార్చమని అడగవచ్చు, అప్పుడు 6,000 బదులు 4,000 వస్తుంది. శాతం తప్పుగా వేశారనిపిస్తే నోటీసులో ఇచ్చిన గడువులోపు ఎంపీడీఓ దగ్గర (మునిసిపాలిటీలో అయితే కమిషనర్‌ దగ్గర) అప్పీలు చేసుకోండి. పాత సదరం పత్రం, శస్త్రచికిత్స కాగితాలు, ఎక్స్‌రేలు పట్టుకెళ్లండి. కేవలం రెండు శాతం తేడా మీద పోరాడుతున్నారు, కీలు ఎంతవరకు వంగుతోందో కొలిచి రాసిన పాత రిపోర్టు ఉంటే అది ఎంతో బలం.

ప్రశ్న: 2014 డిసెంబరు నుంచి 11 ఏళ్లు పనిచేసిన ఫ్యాక్టరీ మూసేశారు. జీతం 19,000. వయసు 52. పీఎఫ్ పింఛను ఇప్పుడే మొదలుపెట్టుకోనా? వేరే పని దొరికేదాకా ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: పింఛను జోలికి ఇప్పుడు వెళ్లకండి. పీఎఫ్ పింఛను పథకం ఈపీఎస్-95లో పింఛను వయసు 58. 50 దాటాక ముందే తీసుకోవచ్చు గానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. ఆ కోత బతికినంతకాలం ఉంటుంది, 58 నిండాక తిరిగి పెరగదు. మీ లెక్క చూడండి. జీతం ఎంతైనా పరిమితి 15,000. దాన్ని 11తో గుణించి 70తో భాగిస్తే నెలకు సుమారు 2,357 రూపాయలు. ఉన్నదే తక్కువ, అందులో ఆరేళ్ల కోత భరించలేరు. మళ్లీ ఎక్కడైనా చేరితే పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత సంఖ్య) నంబరే ఇవ్వండి, సర్వీసు కలిసి పింఛను పెరుగుతుంది. చేరకపోతే 10సీ ఫారంతో స్కీమ్ సర్టిఫికెట్ (మీ పింఛను సర్వీసు చూపే పత్రం) తీసి దాచుకోండి. 58 నిండాక 10డీ ఫారం పెట్టాలి.

ఇప్పటి అవసరానికి ఈఎస్ఐ ఉంది. మీ జీతం 21,000 లోపు కాబట్టి చందా కట్టే ఉంటారు. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజు వేతనంలో సగం, గరిష్ఠంగా 90 రోజులు ఇస్తారు. రోజుకు 600 పడుతుంటే 300 చొప్పున 27,000 దాకా వస్తుంది. జీవితంలో ఒక్కసారే. రెండేళ్లు బీమాలో ఉండాలి. ఉద్యోగం పోవడానికి ముందున్న ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు, అంతకుముందు మూడు చందా కాలాల్లో ఏదో ఒకదాంట్లో 78 రోజులు చందా పడి ఉండాలి. పని పోయిన 30 రోజులకి ఈఎస్ఐ పోర్టల్‌లో క్లెయిం పెట్టుకోవచ్చు. బ్యాంకు ఖాతాలో పేరు, ఆధార్‌లో పేరు, ఈఎస్ఐ రికార్డులో పేరు మూడూ కలవాలి.

ఫ్యాక్టరీ శాశ్వతంగా మూతపడింది కనుక రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన గురించి కూడా బ్రాంచి కార్యాలయంలో అడగండి. దాంట్లో భృతి రెండేళ్ల దాకా వస్తుంది, మీ పరిస్థితికి అదే మేలు. యాజమాన్యం ఇచ్చిన మూసివేత నోటీసు దగ్గర పెట్టుకోండి. 'స్వచ్ఛందంగా మానేస్తున్నాను' అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటే మాత్రం పెట్టొద్దు. ఆ ఒక్క సంతకంతో రెండు పథకాలూ పోతాయి.

ప్రశ్న: నాకు 25. డెలివరీ పని. పీఎఫ్ లేదు. ముసలితనానికి ఏది కట్టాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆదాయపు పన్ను కట్టేవారు కాకపోతే అటల్ పింఛన్ యోజన. 25 ఏళ్లకి చేరితే నెలకు 376 రూపాయలతో 60 తర్వాత నెలకు 5,000, మీ తర్వాత మీ భార్యకూ అదే మొత్తం. ఇదే 40 ఏళ్లకి చేరితే 1,454 కట్టాలి. బ్యాంకులో గానీ పోస్టాఫీసులో గానీ తెరవచ్చు. ఖాతాలోంచి సొమ్ము తీసుకునే తేదీకి నిల్వ ఉంచండి, తప్పితే జరిమానా పడుతుంది.